మన చుట్టిల్లు చూడాలంటే ఇప్పుడు టికెట్ కొనాలి

ఈసారి పంట గురించి కాకుండా ఇల్లు గురించి రాస్తున్నాను. కాస్త పెద్ద పోస్టే. తీరిక ఉన్నప్పుడు చదవండి.

చెన్నై నుంచి మహాబలిపురం వెళ్ళే సముద్రపు రోడ్డు మీద, నగరానికి ఓ 25 కిలోమీటర్ల దూరంలో ముట్టుకాడు అనే ఊరుంది. అక్కడ 10 ఎకరాల జాగాలో దక్షిణచిత్ర అని ఒక మ్యూజియం. మ్యూజియం అనగానే మనకి గాజు పెట్టెలూ, వాటిలో పాత కత్తులూ, నాణేలూ గుర్తొస్తాయి. ఇక్కడ పెట్టినవి ఇళ్ళు. తమిళనాడు, కేరళ, కర్ణాటక, మన ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల పాత ఇళ్ళు మొత్తం 18 దాకా ఆకాశం కింద నిలబెట్టారు. చెట్టినాడు వ్యాపారి ఇల్లు, అగ్రహారం ఇళ్ళు, కుమ్మరి ఇల్లు, బుట్టలల్లేవాళ్ళ ఇల్లు, చేనేత ఇళ్ళు, అన్నీ ఉన్నాయి. టికెట్ కొని లోపలికి వెళ్ళి, గుమ్మం దాటి, అరుగు మీద కూర్చుని మరీ చూడొచ్చు.

దీన్ని నడిపేది మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ అనే సంస్థ. 1984లో మొదలైంది. మొదలుపెట్టినావిడ డెబోరా త్యాగరాజన్, పుట్టింది అమెరికాలో. ఆవరణకి మొదట రూపు ఇచ్చింది లారీ బేకర్. కేరళలో మట్టితో, ఇటుకతో తక్కువ ఖర్చులో ఇళ్ళు కట్టి పేరు తెచ్చుకున్న మనిషి. జనానికి తలుపులు తెరిచింది 1996 డిసెంబరులో.

మా అబ్బాయి చెన్నైలో పనిచేస్తాడు. కోతలు, నూర్పులు అయ్యాక నేనూ, ఇంటావిడా నాలుగు రోజులు వెళ్ళాం. వాడే తీసుకెళ్ళాడు. కేరళ వాళ్ళ చెక్క ఇళ్ళు చూసి నోరు తెరిచాను. పుత్తుపల్లి అనే ఊరి నుంచి తెచ్చిన క్రైస్తవ కుటుంబం ఇల్లు ఒకటుంది, అది చూసి తీరాలి. వడ్లు దాచుకోడానికి చెక్కతో కట్టిన గది ఇంట్లోనే. మన గాదెకి పెద్దన్న అనుకోండి. తర్వాత తెలంగాణ వైపు కొయ్యలగూడెం చేనేత ఇల్లు చూశాం. అదీ బాగుంది. దాని తర్వాత వచ్చింది మనది.

గుండ్రటి మట్టి గోడలు, నెత్తి మీదకి టోపీ దించినట్టు గడ్డి కప్పు, వంగితే గాని దూరలేని గుమ్మం. విశాఖ ప్రాంతంలో హరిపురం వైపు కట్టే చుట్టిల్లు. నేను పుట్టింది అలాంటి ఇంట్లోనే. మా ఉద్దానంలో నా చిన్నప్పుడు వీధికి వీధి అవే. నేను ఫోటోలు తీస్తూ ఉంటే మా ఆవిడ గోడ మీద చెయ్యి వేసి చూసి ఒకే మాట అంది. "ఇది ఎన్నాళ్ళకోసారి అలుకుతారో, ఎవరు అలుకుతారో అడగండి ముందు."

ఈ పోస్టంతా ఆ ప్రశ్న నుంచే వచ్చింది.

ముందు ఒక ఇంటిని ఊరు మార్చడం ఎలాగో చెప్పుకుందాం. చెక్క ఇల్లయితే పని తేలిక అని కాదు గానీ, సాధ్యం. ప్రతి దూలానికీ, ప్రతి పలకకీ నంబరు వేసి, ఫోటో తీసి, విప్పి, లారీ ఎక్కించి, అవతల అదే వరుసలో మళ్ళీ బిగిస్తారు. పాత కేరళ ఇళ్ళు చెక్కకి చెక్క దూర్చి బిగించినవి కాబట్టి విప్పితే విడిపోతాయి. రాతి గుడి కూడా అంతే. ఇది మన రాష్ట్రాలకి కొత్త కాదు. నాగార్జునసాగర్ కట్టినప్పుడు నాగార్జునకొండ లోయలో తవ్వి తీసిన బౌద్ధ కట్టడాల్లో కొన్నింటిని కొండ మీదకీ, అనుపుకీ మార్చారు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, ఆలంపురం తెచ్చి నిలబెట్టారు. మంచి పని చేశారు. అయితే ఆ నీళ్ళ కిందే ఎన్నో ఊళ్ళున్నాయి. ఆ ఊళ్ళలో రైతుల ఇళ్ళు, కూలీల గుడిసెలు ఉన్నాయి. వాటికి ఎవరూ నంబర్లు వెయ్యలేదు. గుడికి ఉన్న లెక్క ఇంటికి ఉండదు. అందులోనూ మట్టి ఇంటికి అసలుండదు.

పైగా మట్టి గోడ లారీ ఎక్కదు. విప్పితే మట్టే మిగులుతుంది. దాన్ని ఇంకో చోట లేపాలంటే మట్టి తవ్వాలి, నానబెట్టాలి, గడ్డి కలిపి తొక్కాలి, మూరెడు ఎత్తు ఒక వరస పెట్టి ఆరనిచ్చి దాని మీద ఇంకో వరస పెట్టాలి. అంటే మట్టి ఇంటిని తరలించడం అంటే కట్టే మనిషిని తరలించడమే. వాసాలు, తలుపు తీసుకెళ్ళొచ్చు. మిగతాదంతా చేతుల్లో ఉంటుంది.

ఇలాంటి మ్యూజియాల్లో పేరున్న మొదటిది స్వీడన్ దేశంలో స్కాన్సెన్. స్టాక్‌హోమ్ నగరంలో ఆర్తుర్ హాజెలియుస్ అనే ఆయన 1891లో తెరిచాడు. ఫ్యాక్టరీలొచ్చి పల్లెలు మారిపోతున్నాయని దేశం నలుమూలల నుంచీ రైతుల ఇళ్ళు, కొట్టాలు విప్పించి తెచ్చాడు. వాళ్ళవి దుంగల ఇళ్ళు కాబట్టి కుదిరింది. మన దేశంలో భోపాల్లో ఇందిరాగాంధీ రాష్ట్రీయ మానవ సంగ్రహాలయ అని ఉంది, కొండ మీద దాదాపు 200 ఎకరాలు. అక్కడ గిరిజనుల ఇళ్ళని ఆ గిరిజనులనే రప్పించి వాళ్ళ చేతే కట్టించారు. నాకు ఆ పద్ధతి నచ్చింది. ఇల్లు తెలిసినవాడి చేతే కట్టించి, పాడైతే వాడినే పిలిపించి బాగుచేయించడం.

ఇప్పుడు చుట్టింటి దగ్గరకొద్దాం. మన పెద్దలు గుండ్రంగా ఎందుకు కట్టారు? చేతకాక కాదు. మనది తుపాన్ల తీరం. చదరపు ఇంటికి గాలి ఎదురుగా వస్తే గోడంతా అడ్డం నిలబడి తోపు తినాలి. మూలల దగ్గర గాలి సుడి తిరిగి కప్పు అంచు పట్టుకుని లేపుతుంది. గుండ్రటి గోడకి మూల లేదు, గాలి చుట్టూ జారిపోతుంది. కప్పు నిటారుగా వాలుతుంది కాబట్టి వాన నీరు నిలవదు. చూరు బాగా కిందకి దిగుతుంది కాబట్టి మట్టి గోడకి జల్లు కొట్టదు. గుమ్మం చిన్నది కాబట్టి గాలి లోపలికి దూరి కప్పుని పైకి ఎత్తే వీలు తక్కువ. ఇళ్ళు చూరుకి చూరు తగిలేలా గుంపుగా కట్టడం కూడా అందుకే, ఒకదానికి ఒకటి అడ్డు.

లోపల ఇంకో తెలివి ఉంది. మా ఇంట్లో కప్పుకీ గదికీ మధ్య అటక. కర్రలు పరిచి మీద మందంగా మట్టి మెత్తినది. నిప్పంటుకుంటే కప్పు కాలిపోతుంది గానీ అటక మట్టి ఆపుతుంది, కింద ఉన్న విత్తనాలు, బట్టలు, కాగితాలు మిగులుతాయి. ఎండాకాలం వేడి కూడా అటక దాటి కిందకి రాదు.

2018 అక్టోబరులో తిత్లీ వచ్చిన రాత్రి మా ఉద్దానంలో ఎవరూ మరచిపోరు. తెల్లారేసరికి కొబ్బరి చెట్లు, జీడి చెట్లు నేల మీద ఉన్నాయి. ఆ రాత్రి మా వీధిలో రేకుల ఇళ్ళ మీద రేకులు కాగితాల్లా ఎగిరాయి. మేం మా నాన్నని తీసుకుని పక్కింటి స్లాబు కిందకి వెళ్ళాం. పొద్దున్న వచ్చి చూస్తే చుట్టింటి కప్పు ఒక పక్క సగం దువ్వేసినట్టు ఊడిపోయింది. గోడ మాత్రం పగలలేదు. అటక కింద పెట్టిన మినుముల బస్తా పొడిగానే ఉంది. వారంలో కప్పు మళ్ళీ వేసుకున్నాం. రేకులు పోయినవాళ్ళు రేకుల కోసం, తర్వాత కరెంటు కోసం, తర్వాత వడ్రంగి కోసం ఎదురుచూశారు.

చుట్టిల్లే గొప్పదని, స్లాబు వద్దని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ రాత్రి మేం తలదాచుకున్నది స్లాబు కిందే. గుంపుగా ఉన్న గడ్డి ఇళ్ళలో ఒకదానికి నిప్పంటితే వీధంతా కాలిపోయిన సంగతి మన పెద్దలు కథలుగా చెప్పేవారు. చూరులో పాములు, గోడలో చెదలు. రెండు మూడేళ్ళకోసారి కప్పు. పండగ పండక్కీ అలుకు, అది ఆడవాళ్ళ నడుం మీదే. మా అమ్మ మోకాళ్ళు అరిగింది పొలంలో కన్నా ఆ నేల మీదే ఎక్కువ. కోడలు వచ్చి "నాకు ఈ ఇల్లొద్దు" అంటే తప్పెక్కడుంది? కాబట్టి ఇళ్ళు పోయినందుకు మనుషుల్ని నిందించడానికి ఈ పోస్టు రాయడం లేదు.

కానీ ఇవి ఎందుకు పోయాయో లెక్క సరిగ్గా చెప్పుకోవాలి. జనానికి ఇష్టం లేక పోయాయి అనేది సగం మాట. మిగతా సగం మన పొలంలో ఉంది.

కప్పుకి పొడుగు గడ్డి కావాలి. పాత వరి రకాలు మనిషి ఛాతీ దాకా పెరిగేవి. గాలికి పడిపోతున్నాయని, దిగుబడి తక్కువని పొట్టి రకాలొచ్చాయి. స్వర్ణ వేశాం, 1001 వేశాం, కడుపు నిండింది. గడ్డి మాత్రం పొట్టిదయింది. తర్వాత కోత మిషన్ వచ్చింది. అది గడ్డిని నలిపి, ముక్కలు చేసి పొలంలో పారేస్తుంది. ఆ గడ్డితో కప్పు కాదు గదా, పశువులకి కుప్ప వెయ్యడానికే తంటా. ఇక తాటాకు. తాటిచెట్లు ఇటుక బట్టీలకి పోయాయి. గట్టు మీద నాలుగు మిగిలితే ఎక్కేవాడు లేడు. రెల్లుగడ్డి పెరిగే బీళ్ళు సరుగుడు తోటలయ్యాయి, రొయ్యల చెరువులయ్యాయి.

ఇంక మిగిలింది కప్పు నేసే మనిషి. మా చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకి ఒక్క తాత ఉన్నాడు. డెబ్బై దాటాయి. ఆయన కొడుకులిద్దరూ బయట రాష్ట్రాల్లో బిల్డింగు పనులు చేస్తారు. ఇళ్ళ సర్వేకి వచ్చినవాళ్ళు చుట్టిల్లు అనే మాట రాయరు, "కచ్చా" అని ఒక గడిలో టిక్కు పెడతారు. చదువుకున్నవాళ్ళ భాషలో కచ్చా అంటే ఇంకా ఇల్లు కాలేదని. నూరేళ్ళు తుపాన్లు కాచిన గోడ వాళ్ళ కాగితంలో ఇల్లు కాలేదు.

ఇదే ఇల్లు ముట్టుకాడులో టికెట్ పెట్టి చూపిస్తున్నారు. అక్కడ దాన్ని నిలబెట్టేది ఏమిటి? గోడ బలం అనుకోవద్దు. గోడ మన ఊళ్ళోదీ, అక్కడిదీ ఒకటే. సముద్రం పక్కనే ఉంది, ఉప్పు గాలి, వాన, తుపాను అక్కడా ఉన్నాయి. తేడా ఏమిటంటే కప్పు పాడైతే మళ్ళీ వేయించాలని, గోడ రాలితే మెత్తించాలని అనుకునే సంస్థ ఒకటి దాని వెనక ఉంది. అందుకు డబ్బు పక్కన పెట్టుకుంటారు. మట్టి ఇంటికి ప్రాణం దాని మీద పడే చెయ్యి. చెయ్యి ఆగిన మూడో వర్షాకాలానికి అది మట్టిలో కలుస్తుంది. మా ఆవిడ అడిగిన ప్రశ్నకి అర్థం ఇదే. ఎవరు అలుకుతున్నారు అన్నదే అసలు సంగతి.

తిరిగొచ్చాక ఫోటోలు మా తమ్ముడికి చూపించాను. వాడు నవ్వేశాడు. "ఏటి అన్నియ్యా, డబ్బులిచ్చి మరీ మన గుడిసె చూసొచ్చినావా? ఇక్కడ ఊరికే చూపిస్తాం కదా." నవ్వుతూనే అసలు మాట బయటపెట్టాడు. పంపకాల్లో చుట్టిల్లు ఉన్న జాగా వాడి వాటాకి వచ్చింది. వాడి కొడుక్కి సంబంధం కుదిరింది. పెళ్ళి లోపల రెండు గదుల స్లాబు పడాలి. మే నెలలో చుట్టిల్లు తీసేసి పునాది తవ్వుతానన్నాడు. వాడి అవసరం నిజమైనది. పెళ్ళికూతురు వాళ్ళని గుడిసె చూసి మురిసిపొమ్మని చెప్పలేం.

రెండు రాత్రులు ఆలోచించాను. పక్కనే రోడ్డు వైపు రెండు సెంట్లు నా వాటా ఉంది. రోడ్డు జాగా కాబట్టి విలువ ఎక్కువ. అది నువ్వు తీసుకుని కట్టుకో, చుట్టిల్లున్న జాగా నాకు రాసియ్యి అన్నాను. తమ్ముడు ముందు నమ్మలేదు. "వెనకాల ఏదైనా మెలిక ఉందా అన్నియ్యా?" అన్నాడు. మా ఆవిడకి కోపం వచ్చింది, రావాల్సిందే. "రేపు మన పిల్లడు ఊరొచ్చి ఇల్లు కడతానంటే వాడికి ఏ రోడ్డు చూపిస్తారు?" అంది. పిల్లాడిని ఫోన్లో అడిగితే, "నీ ఇష్టం నాన్నా, కానీ కప్పు వేయించిన ప్రతిసారీ నాకు ఫోన్ చెయ్యకు" అన్నాడు. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. అయినా పెద్దల ముందు కాగితం రాసుకున్నాం. మా ఆవిడ ఒక షరతు పెట్టింది, నేల అలికే పని ఇకమీదట తనది కాదని. ఇప్పుడు ఆ పని నాది. నడుం ఎలా ఉంటుందో ఈ వయసులో తెలిసింది.

కప్పు ఈ నెలలోనే పడింది. తాత ఎక్కలేడు. మంచం వేసి చెట్టు కింద కూర్చోబెట్టాం. రొయ్యల చెరువుల దగ్గర కాపలా పాకలు వేసే కుర్రాళ్ళు ఇద్దరు దొరికారు. వాళ్ళకి పాక తెలుసు, గుండ్రటి కప్పు తెలియదు. తాత కింద నుంచి కేకలు. చూరు దగ్గర మొదటి వరస రెట్టింపు వెయ్యమని, అక్కణ్ణించి పైకి ఒక వరస మీద ఒకటి సగం కప్పుకుంటూ వెళ్ళమని, పైకి పోయేకొద్దీ చుట్టు తగ్గుతుంది కాబట్టి ఆకు ఇరుకుగా పడితే ఉబ్బుతుంది, తీసేసి పలచగా వెయ్యమని. "వాలు తగ్గితే నీరు నిలుస్తాది, నీరు నిలిచిన కాడ కుళ్ళుతాది" అని పదిసార్లు చెప్పాడు. తాటాకు మూడు ఊళ్ళు తిరిగి తెచ్చాం. కట్టడానికి తాటి నార బదులు కొన్నిచోట్ల కొబ్బరి తాడు వాడాం, తాత మొహం మాడ్చుకున్నాడు గానీ ఊరుకున్నాడు. నాలుగు రోజులు పట్టింది. ఖర్చు తక్కువేం కాలేదు. ఒక ఎకరం మినుము మీద వచ్చింది దాదాపు దానికే పోయింది.

అందులో ఎవరూ కాపురం ఉండరు. విత్తనాలు పెట్టుకుంటాం. మినుము, పెసర, వేరుశనగ విత్తనం ఎండాకాలం చల్లగా ఉంటుంది. మధ్యాహ్నం నేను పడుకునేది అక్కడే. తమ్ముడు పునాది తవ్వుతున్నాడు, కూలీలు అన్నం తినేది ఆ చూరు నీడలోనే.

ప్రతి ఒక్కరూ జాగా వదులుకోవాలని నేను చెప్పను. అందరికీ కుదరదు. కుదిరే పనులు కొన్ని చెప్తాను.

మీ ఊళ్ళో చుట్టిల్లు గాని, పాత మండువా ఇల్లు గాని తీసేస్తుంటే, తీసే ముందు రోజు ఒక టేపు పట్టుకెళ్ళండి. లోపలి వెడల్పు, గోడ మందం, గుమ్మం ఎత్తు, చూరు ఎత్తు కొలిచి కాగితం మీద రాయండి. నాలుగు వైపుల నుంచీ, లోపల అటక కింద నుంచీ ఫోటోలు తీయండి. అరగంట పని. తలుపు, వాసాలు పొయ్యిలోకి పోకుండా ఎవరికైనా ఇవ్వండి.

కప్పు నేసేవాళ్ళు, మట్టి గోడ పెట్టేవాళ్ళు ఎవరున్నా వాళ్ళ చేత కనీసం పశువుల పాక అయినా వేయించండి. రేకు చవక అని తెలుసు. కానీ వాళ్ళ పక్కన ఒక కుర్రాడు నిలబడి చూస్తే ఆ పని ఇంకో నలభై ఏళ్ళు బతుకుతుంది. గట్టు మీద ఉన్న తాటిచెట్లని బట్టీకి అమ్మే ముందు రెండు వదిలెయ్యండి. ఎవరికైనా వీలుంటే మడిలో ఒక మూల పొడుగు రకం వరి వేసి చేత్తో కోయండి, గడ్డి కోసమైనా.

ఊరి పెద్దలకి ఒక మాట. ఊరికి ఒక్క చుట్టిల్లు బాగుచేసి ఉమ్మడిగా ఉంచుకోవచ్చు. విత్తనాల గదిగానో, పిల్లలు ఆడుకునే చోటుగానో వాడుకుంటేనే నిలుస్తుంది. తాళం వేసి బోర్డు పెడితే మూడేళ్ళలో కూలుతుంది.

తాత చెప్పినవన్నీ ఫోన్లో వీడియో తీశాం, గాలి శబ్దం ఉంది గానీ మాట వినపడుతుంది. వచ్చే వారం రెండు ముక్కలుగా పెడతాను. మీ వైపు ఇలాంటి పనిమంతులు ఉంటే ఊరి పేరుతో రాయండి. తాటాకు ఎక్కడ దొరుకుతుందో కూడా రాయండి, మళ్ళీ మూడేళ్ళకి నాకు కావాలి.